మధ్యలో ఒక్క గడి

"మీ నాన్నని అన్నానికి రమ్మను," అంది ఆమె, గిన్నె మీద మూత తీస్తూ.

ఆ నాన్న ఎక్కడో ఊరవతల లేడు. అదే గదిలో, అదే బల్లకి అవతలి పక్క కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. చెయ్యి చాపితే ఆ పేపరు ఆమెకి అందుతుంది.

"నాన్నా, అమ్మ అన్నానికి రమ్మంటోంది."

"ఆకలి లేదని చెప్పు."

"అమ్మా, ఆకలి లేదట."

"మాత్ర వేసుకోవాలి కదా, కొంచెమైనా తినమను."

"నాన్నా, మాత్ర..."

"వినపడిందిలే," అన్నాడాయన పేజీ తిప్పుతూ.

వినపడిందట. చెవులు బాగానే పనిచేస్తున్నాయన్నమాట. ఆమె గరిట గిన్నెలో కాస్త గట్టిగానే పెట్టింది. ఆ చప్పుడూ ఆయనకి వినపడే ఉంటుంది.

ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పుట్టిన దగ్గర్నుంచీ కిచకిచలాడుతూనే ఉంటుంది కనుక ఆ పేరు పడింది. అమ్మకీ నాన్నకీ మాటల్లేని రోజుల్లో ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసే ఉద్యోగం దానిదే. మొదట్లో అదొక ఆటలా ఉండేది దానికి. ఈమధ్య చెప్పాల్సింది చెప్పేసి గోళ్ళు కొరుక్కుంటోంది. ఆమె అది చూసింది. చూసి, కూర వడ్డించింది. చేతిలో గరిట ఉన్నప్పుడు కొన్ని విషయాలు చూసి కూడా ఊరుకోవడం అలవాటైపోతుంది.

ఈసారి మాటలు ఆగిపోవడానికి కారణం, ఆయన దృష్టిలో, చాలా చిన్నది. ఆమె స్కూలు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో గుడ్డ కత్తిరిస్తుంది. పొరలు పొరలుగా పరిచిన గుడ్డ మీద సుద్దతో గీతలు గీసి, ఆ గీత తప్పకుండా కత్తెర నడిపించడం ఆమె పని. అక్కడ అందరూ కత్తెరక్క అంటారు. కటింగ్ సెక్షన్ చూసుకునే పెద్దాయన మానేస్తుంటే, ఆ బల్లలన్నీ నువ్వు చూసుకుంటావా అని మేనేజరు ఆమెని పిలిచి అడిగాడు. ఆమె ముఖం వెలిగేలోపే, "పొద్దున ఏడింటికల్లా ఇక్కడుండాలి మరి. మీ ఆయన ఒప్పుకుంటాడా? ముందు ఇంట్లో కనుక్కో అమ్మా. ఈ సోమవారం కాక పై సోమవారం ఏడింటికి వచ్చావా, బల్ల నీది. రాలేదా, బొత్తాల సెక్షన్లో అతనికిస్తాను," అన్నాడు. బొత్తాల సెక్షన్లో అతన్ని మాత్రం మీ ఆవిడ ఒప్పుకుంటుందా అని ఎవరూ అడగరు. అతనికి ఇంట్లో పొయ్యి ఉందో లేదో కూడా ఎవరికీ పట్టదు.

ఇంటికొచ్చి చెప్పింది. ఆయన అంతా విన్నాడు. కాదనలేదు. కేకలెయ్యలేదు. "నీ ఇష్టం," అన్నాడు. ఆ తర్వాత నోరు మూతపడింది. ఆ ఇంట్లో ఆ రెండు మాటలకి అర్థం ఆమెకి ఎప్పుడో తెలిసింది. నా ఇష్టమేమిటో నువ్వే కనుక్కుని, అదే నీ ఇష్టమని వచ్చి చెప్పేదాకా నీ ముఖం చూడను అని.

ఊళ్ళో వాళ్ళందరికీ ఆయన బంగారంలాంటి మనిషి. నోట్లో నాలుక లేని మనిషి. పక్కింటావిడ తన మొగుడు తాగొచ్చి తిట్టిన తిట్లన్నీ చెప్పుకుని, ముక్కు చీది, "నీ అదృష్టమే అదృష్టం అక్కా, పల్లెత్తు మాట అనడు," అని వెళ్తుంది. ఆమె ఏమని చెబుతుంది? ఆయన నన్ను ఏమీ అనడు, అదే నా బాధ అని చెబితే ఎవరు నమ్ముతారు? దెబ్బైతే చూపించొచ్చు. తిట్టైతే తిరిగి చెప్పొచ్చు. మాట్లాడకపోవడాన్ని ఎవరికి చూపించాలి? అత్తగారైతే మరీను. "మావాడిది మౌనం. మౌనం అంటే తపస్సు. పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?" అంటుంది. కోడలూ దైవభక్తి ఉన్న మనిషే. పొద్దున్నే దణ్ణం పెట్టుకోనిదే పొయ్యి వెలిగించదు. అందుకే ఆ మాట ఆమెని చాలాకాలం ఆపింది. కానీ దణ్ణం పెట్టుకుంటూనే ఒకరోజు అనుకుంది: దేవుడూ మాట్లాడడు. అయినా ఆయన ఎదుట నిలబడితే నేనేం తప్పు చేశానా అని వణుకు పుట్టదే! మరి ఈయన మాట్లాడకపోతే కాళ్ళకింద నేల కదిలినట్టు ఎందుకుంటుంది? తపస్సు చేసేవాడు అడవికి పోతాడు గానీ, పళ్ళెం ముందు కూర్చుని ఎదుటి మనిషిని ఏడిపిస్తాడా?

తన తల్లికి జబ్బు చేసినప్పుడూ ఇంతే. వెళ్ళి కొన్నాళ్ళు దగ్గరుంటానంటే "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట విని వెళ్ళలేకపోయింది. ఇంట్లో సరుకులు నిండుకుంటే చెప్పాలి, పిల్లకి జ్వరమొస్తే చెప్పాలి, ఏది చెప్పాలన్నా ముందు ఆ ముఖం తనవైపు తిరగాలి. చివరికి తనే వెళ్ళి, తప్పు నాదే, మీరు వెళ్ళమన్నప్పుడే వెళ్తాను అంది. ఆయన ఎంతో మంచిగా నవ్వి, దగ్గరుండి బస్సెక్కించాడు. ఆమె వెళ్ళేసరికి అమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ, కూతుర్ని పోల్చుకోలేదు. అక్కడ కూడా అందరూ ఆయన్నే మెచ్చుకున్నారు, పనులు మానుకుని భార్యని పంపించాడని.

ఆదివారం పొద్దున పిచ్చుకని చదరంగం క్లాసుకి తీసుకెళ్ళడం ఆమె పని. చదరంగం ఆడితే తెలివి పెరుగుతుందని చేర్పించింది ఆయన. తీసుకెళ్ళి, కాపలా కూర్చుని, తీసుకురావడం మాత్రం ఆమె. టైర్ల షాపు మీద పెద్ద హాలు. కింద నుంచి రబ్బరు వాసన. వెనక బెంచీ మీద తల్లులందరూ. ఒకావిడ చిక్కుళ్ళు గిల్లుతుంది, ఒకావిడ కునుకు తీస్తుంది. ఈమె వర్క్‌షాపు నుంచి తెచ్చుకున్న గౌనులకి అంచులు కుడుతుంది. టీచరమ్మ మిగతా రోజుల్లో పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది. నోరున్న మనిషి.

ఆ రోజు గోడకి తగిలించిన పెద్ద బోర్డు మీద మూడే మూడు కాయలు మిగిలాయి. తెల్ల రాజు, తెల్ల బంటు, నల్ల రాజు. ఎలా గెలుస్తావో చూపించమంటే పిచ్చుక గబగబా వెళ్ళి బంటుని ముందుకి తోసింది.

"ఆగాగు. దాన్నెందుకు తోశావు?"

"చివరిదాకా వెళ్తే మంత్రి అవుతుందిగా, టీచర్."

"వెళ్తే అవుతుంది. వెళ్ళనిస్తారా? మీ రాజుగారేం చేస్తున్నారు వెనకాల, పడక కుర్చీ వేసుకున్నారా?"

పిల్లలు నవ్వారు. టీచరమ్మ పిచ్చుక చేతే ఆడించింది. బంటు ఒక్కో గడీ వెళ్ళింది, నల్ల రాజు ఒక్కో గడీ వెనక్కి తగ్గుతూ ఎదురుగానే నిలిచాడు. చివరి గడికి ముందు ఆట బిగుసుకుపోయింది. నల్ల రాజుకి అడుగు వెయ్యడానికి చోటు లేదు, అలాగని వాడికి చెక్కూ లేదు. ఆట డ్రా.

"చూశావా? చిన్నదాన్ని ముందుకి తోసి పెద్దవాడు వెనక దాక్కుంటే అంతే. ముందు నడవాల్సింది రాజు. బంటు వాడి వెనకాల రావాలి. ఇప్పుడు ఇటు చూడండి." టీచరమ్మ ఇద్దరు రాజుల్నీ ఒకే వరుసలో ఎదురెదురుగా పెట్టింది. మధ్యలో ఒక్కటే ఖాళీ గడి. "రాజు పక్కకి రాజు రాకూడదు కాబట్టి ఈ మధ్య గడిలోకి ఇద్దరూ అడుగు పెట్టలేరు. దీన్నే అపోజిషన్ అంటారు. ఇప్పుడు చెప్పండి, ఎవరిది పైచెయ్యి?"

"ఆడే వంతు ఎవరిదైతే వాళ్ళది!" అని అరిచారు పిల్లలు.

"తిరకాసు అక్కడే ఉంది. వంతు ఎవరిదైతే వాళ్ళు చచ్చినట్టు కదలాలి. కదిలితే దారి ఇచ్చినట్టే. వాడు ఎటు జరిగితే, రెండోవాడు రెండో వైపు నుంచి లోపలికొస్తాడు. ఇక్కడ గెలిచేది బలమున్నవాడు కాదు, కదలాల్సిన అవసరం లేనివాడు."

ఆమె చేతిలో సూది ఆగిపోయింది.

"మరి... వంతొచ్చినా కదలనంటేనో, టీచర్?" వెనక బెంచీ నుంచి వచ్చిన గొంతు విని పిల్లలందరూ తలలు తిప్పారు. పిచ్చుకకి సిగ్గేసింది.

"కదలననడానికి వీల్లేదమ్మా. ఈ ఆట రూలే అంత. ఇలా దగ్గరికి రండి, అక్కణ్ణుంచి కనపడదు."

"మా ఇంట్లో అయితే ఇద్దరు రాజులూ ఒకేసారి మీద పడి అరుచుకుంటారు," అంది చిక్కుళ్ళావిడ. "మధ్యలో గడే ఉండదు."

"కాపరాల సంగతి నాకొద్దు తల్లీ, గళ్ళు చూడండి," అంది టీచరమ్మ. ఈమె దగ్గరికి రాగానే, తెల్ల రాజుకి వెనగ్గా, దూరంగా ఉన్న బంటుని చూపించింది. "వంతు తెల్లవాళ్ళది. రాజు కదిలితే పోయాడు. అందుకని వెనకాల ఈ బంటుని ఒక్క గడి జరుపుతాం. అంతే. రాజు ఎక్కడివాడు అక్కడే. వంతు మాత్రం అవతలి వాడి నెత్తి మీదికి పోయింది. అందుకే ఒక చిన్న ఎత్తు ఎప్పుడూ చేతిలో ఉంచుకోవాలి. ముందే అన్నీ ఆడేసుకున్నవాళ్ళకి ఆ వీలుండదు."

దారంతా పిచ్చుక చెయ్యి పట్టుకుని నడుస్తోందే గానీ ఆమె ధ్యాస అక్కడ లేదు. తనెప్పుడూ ఆయన పట్టుదల గొప్పది, నాదే పిరికి గుండె అనుకునేది. పట్టుదలా, పాడా! ఆయనకి కదలాల్సిన అవసరమేముంది? ఆయన మాట్లాడినా మాట్లాడకపోయినా పళ్ళెంలోకి అన్నం వస్తుంది, చొక్కా ఇస్త్రీ అవుతుంది, వాళ్ళమ్మకి వేడినీళ్ళు అందుతాయి. ఇల్లు నడవాలంటే రోజుకి వంద మాటలు కావాలి, ఆ వందా ఆమెవే. పాలు కావాలన్నా, కరెంటు పోయినా, ఎవరో వచ్చి తలుపు కొట్టినా వంతు ఆమెదే. పని ఎవరిదో వంతు వాళ్ళది. ఆ పని అంతా తన నెత్తిన పెట్టి, ఎదురుగా ఊరికే కూర్చోవడాన్ని గొప్ప ఓర్పు అంటున్నారు! అదికాక, తను చేసిందేమిటి? ముందు నడవాల్సిన మనిషి వెనక దాక్కుని, ఆ చిన్నదాన్ని ఇటూ అటూ తోసింది. గోళ్ళు మొదళ్ళదాకా కొరుక్కున్న ఆ వేళ్ళు ఇప్పుడు తన చేతిలోనే ఉన్నాయి. ఆమెకి ఆయన మీద కంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. కాసేపయ్యాక అది కూడా తప్పేననిపించింది. నా మీద నేను కోపం తెచ్చుకోవడం కూడా ఆయన పని నేను చేసిపెట్టడమే కదా అనుకుంది.

మర్నాడు దణ్ణం పెట్టుకునేటప్పుడు, ఎప్పుడూ అడిగినట్టు ఆయన మనసు కరిగించమని అడగలేదు. నన్ను కదలనివ్వకు స్వామీ అని అడిగింది.

ఆ వారమే వంటింట్లో కుళాయి చెడింది. నీళ్ళు ఆగకుండా కారుతున్నాయి. ఇదివరకైతే ఇలాంటివే ఆమెని లొంగదీసేవి. ప్లంబరుకి చెప్పేది ఎప్పుడూ ఆయనే. కుళాయి కోసం మాట కలిపి, ఆ మాటలోనే క్షమాపణ కూడా కలిపేసేది. ఆయన చప్పుడు వింటూ పేపరు చదువుతున్నాడు. ఆమె చీర కొంగు దోపుకుని వీధి చివరికి వెళ్ళి ప్లంబరుని వెంటబెట్టుకొచ్చింది.

"సారు లేరా అమ్మా?" అన్నాడతను, సంచీ దించుతూ.

"ఉన్నారు. కుళాయికి ఆయనతో పనేంటి?"

"అది కాదమ్మా, ఏ రకం వెయ్యాలో సారునడిగి..."

"నీళ్ళు ఆగే రకం వెయ్యి నాయనా."

ముందు గదిలో పేపరు కాస్త కిందికి దిగింది. ఆమె అటు చూడలేదు. కుళాయి ఆగింది. పిచ్చుకతో ఆయనకి కబురు పంపడం కూడా ఆ రోజుతో మానేసింది. వేళకి వండిపెట్టింది, తినమని ఎవరిచేతా చెప్పించలేదు. ఆయనే వచ్చి వడ్డించుకుని తిన్నాడు. ఆకలి లేకపోవడం అనే జబ్బు ఒక్క పూటలో నయమైంది.

ఇదంతా అత్తగారికి మింగుడు పడలేదు. బట్టలు మడతపెడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"ఏంటమ్మాయ్, ఈసారి ఇంత సాగదీస్తున్నావు?"

"నేనేం చేశాను అత్తయ్యా?"

"ఎప్పుడూ నువ్వే వెళ్ళి మాట కలిపేదానివిగా. వాడు కూడా అన్నాడు నాతో. ఆ ఉద్యోగం గొడవేంట్రా అని అడిగితే, 'నువ్వు కంగారుపడకమ్మా, రెండ్రోజులు మాట్లాడకపోతే అదే దారికొస్తుంది, ఎప్పుడూ అంతేగా' అన్నాడు."

ఆమె చేతిలో చొక్కా సగం మడతలో ఉండిపోయింది. "అలా అన్నారా? కోపంగానా?"

"కోపమెందుకూ! నవ్వుతూనే. టీ తాగుతున్నాడప్పుడు."

నవ్వుతూ. టీ తాగుతూ. ఇన్నేళ్ళూ ఆమె అనుకున్నదేమిటంటే, ఆయన లోపల్లోపల నలిగిపోతున్నాడని. తన మాట ఏదో గుచ్చుకుని, బయటికి చెప్పుకోలేక మూగబోతున్నాడని. పాపం మనిషి అని ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకుందో! బాధ పడుతున్నాడనుకుని క్షమించింది. ఆయన బాధే పడలేదు. ఎదురుచూస్తూ కూర్చున్నాడు, అంతే. తన తల్లి మంచంలో ఉన్నప్పుడు కూడా, ఇంత హాయిగానే ఎదురుచూశాడన్నమాట.

"మీ మామగారూ ఇంతే," అంటోంది అత్తగారు. "నేనెప్పుడూ రెండో పూటదాకా రానివ్వలేదు. వెంటనే వెళ్ళి తప్పు నాదే అనేసేదాన్ని."

"తప్పు మీదేనా అత్తయ్యా?"

"ఏమో, అదెవరు గుర్తుపెట్టుకుంటారు?" అంది ముసలావిడ. ఒక జేబురుమాలు తీసుకుని మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. "ఒక్కసారి కూడా నాది కాదనుకుంటా," అంది చివరికి, చాలా మెల్లగా.

ఆమె సగం మడత పెట్టిన చొక్కా అలాగే వదిలేసి లేచింది. ముందు గదిలోకి వెళ్ళి, కుర్చీ లాక్కుని, ఆయనకి సరిగ్గా ఎదురుగా కూర్చుంది. మధ్యలో చిన్న టీపాయి. ఆయన పేపరు పైకెత్తాడు.

"పిచ్చుకా," అన్నాడు పేపరు వెనక నుంచి. "ఏం కావాలో మీ అమ్మని అడుగు."

కిటికీ దగ్గర బొమ్మలేసుకుంటున్న పిల్ల లేవబోయింది.

"నువ్వు బొమ్మ వేసుకో తల్లీ," అంది ఆమె. "ఇంక ఈ ఇంట్లో ఎవరి మాటలూ నువ్వు మొయ్యక్కర్లేదు. నావీ మొయ్యక్కర్లేదు, మీ నాన్నవీ మొయ్యక్కర్లేదు." ఆ తర్వాత పేపరుతో చెప్పినట్టుగా కాకుండా, దాని పైనుంచి కనపడుతున్న నుదుటికి చెప్పింది. "సోమవారం నుంచి నేను పొద్దున ఆరున్నరకి బయల్దేరతాను. కటింగ్ బల్లలు నేను చూసుకోబోతున్నాను. అడగడానికి రాలేదు, చెప్పడానికొచ్చాను. రెండ్రోజుల్లో దారికొస్తానని అన్నారట. రాను. తప్పు నాది కాదు. ఇదివరకటివీ నావి కావు. అమ్మ దగ్గరికి ఆలస్యంగా వెళ్ళడం ఒక్కటే నా తప్పు, అది మీకు చెప్పుకునేది కాదు."

ఎప్పుడైనా ఇలాంటి మాటల తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని ఆమే పూడ్చేది, ఏదో నసుగుతూ, కాళ్ళూ చేతులూ ఆడక. ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంది. కుర్చీ వదల్లేదు. కాసేపటికి ఆయన పేపరు మడిచి, లేచి, టీపాయి చుట్టూ తిరిగి, పక్క నుంచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

పిచ్చుక పెన్సిలు నోట్లో పెట్టుకుని వాళ్ళమ్మ వంక చూస్తోంది. మళ్ళీ బొమ్మ మీదికి వంగింది.

సోమవారం తెల్లవారింది. ఆమె స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని, తన మట్టుకు టీ పెట్టుకుని తాగింది. పిల్లకి ముద్దు పెట్టింది. అది నిద్రలో అటు తిరిగి పడుకుంది. సంచీ భుజాన వేసుకుని చెప్పులు వేసుకుంటుంటే వెనక అలికిడి అయింది. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లుంగీ ఎగదోపుకుని, జుట్టు చెదిరి. ఖాళీ పొయ్యి వంక, తొట్టిలో పడి ఉన్న గిన్నెల వంక, ఇస్త్రీ కాని చొక్కా వంక, వాళ్ళమ్మ వేడినీళ్ళ గిన్నె వంక, పిల్ల స్కూలు సంచీ వంక ఒకటొకటిగా చూశాడు. ఏళ్ళ తరబడి రోజూ ఉన్నవే అవన్నీ. ఆయన వాటిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టున్నాడు.

"ఇదంతా ఎవరు చేస్తారు?" అన్నాడు. ఎన్నో రోజుల తర్వాత నేరుగా ఆమెతో అన్న మొదటి మాట అది.

ఆమె నాలుక చివరికి ఎప్పటి జవాబులన్నీ తోసుకుంటూ వచ్చాయి. వచ్చాక చేస్తాలెండి. అత్తయ్యకి చెప్పి పెట్టాను. రేపట్నుంచి రాత్రే వండేస్తాను. అన్నిటినీ మింగేసింది. తలుపు గడియ తీసి, వెనక్కి తిరిగి, ఆయన ముఖంలోకి చూసింది.

"ఆలోచించుకోండి," అంది. "సాయంత్రం దాకా నాకేం తొందర లేదు."